డ్యూటీ దారిలో

తెల్లవారుజామున 3 గంటలకు డ్యూటీ ఎక్కాల్సిన మనిషి, ఆ చీకట్లో రోడ్డు మీద ఉన్నాడంటే ఎవరి పని మీద ఉన్నట్టు? మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్ 22న మోటారుసైకిల్‌పై బయల్దేరి, ఫ్యాక్టరీ ఇంకా 5 కిలోమీటర్లు ఉందనగా ప్రమాదంలో చనిపోయాడు. భార్య, నలుగురు పిల్లలు, ముసలి తల్లి మిగిలారు. పరిహారం కింద 3,26,140 రూపాయలు చెల్లించమని కమిషనర్ ఆదేశించారు. 2011లో హైకోర్టు కుదరదంది. కుదురుతుందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 జూలై 29 వచ్చింది. ఇరవై రెండేళ్లు! ఆ పిల్లలు పెద్దవాళ్లయిపోయి ఉంటారు.

గేటు దాటాకే ఉద్యోగం మొదలవుతుందన్నది పాత లెక్క. పనినుంచి ఇంటికి వెళ్తూ పడవ మునిగి చనిపోయిన సౌరాష్ట్ర ఉప్పు కార్మికుల విషయంలో 1958లో సుప్రీంకోర్టు ఆ లెక్కే వేసింది. డ్యూటీ దిగి బస్సులో ఇంటికి వెళ్తూ చనిపోయిన బొంబాయి బస్సు డ్రైవర్ విషయంలో 1963లో మెత్తబడింది. ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో సైకిల్ మీద లారీ దెబ్బ తిన్న కార్మికుడికి 1996లో మళ్లీ లేదంది. 2010లో ఈఎస్‌ఐ చట్టాన్ని సవరించి రాకపోకల ప్రమాదాలను చేర్చారు. 2025 తీర్పు ఆ వెసులుబాటును 1923 నాటి పరిహార చట్టానికీ వర్తింపజేసింది.

అయితే వేళ, చోటు, సందర్భం ఉద్యోగంతో ముడిపడాలన్నది షరతు. న్యాయమైనదే. కానీ రుజువేదీ? డ్యూటీ చార్టు యజమాని దగ్గరుంటుంది. 'ఆ రోజు అతనికి డ్యూటీ లేదు' అని కాంట్రాక్టరు ఒక్క ముక్క అంటే, భర్త పోయిన మనిషి ఏ కాగితం చూపిస్తుంది? వారం వారం డ్యూటీల పట్టీని కార్మికుల ఫోన్లకు పంపడాన్ని కార్మికశాఖ తప్పనిసరి చేయవచ్చు. పైసా ఖర్చు లేని పని.

మిర్చి కోతకు ఆటోలో కిక్కిరిసి వెళ్లే మన కూలీలకు ఆ పట్టీ కూడా ఉండదు. ముందురోజు రాత్రి మేస్త్రీ ఫోన్ చేస్తాడు, పొద్దున్నే కదులుతారు. ఆటో బోల్తా పడితే ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. అది ఇచ్చేవాళ్ల దయ. హక్కుగా అడుగుదామంటే యజమాని మేస్త్రీయా, చేను రైతా అన్న ప్రశ్నకే ఇప్పటిదాకా జవాబు లేదు.