‘సరిగా దూర్చలేదు’ట!

దుకాణం నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యమే. “కేబులును పూర్తిగా దూర్చకపోవడం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు.” ఆ కేబులును దూర్చినవాణ్ణి నేనే కనుక ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చింది.

విషయమిది. మా అక్క కొడుకు త్రీడీ యానిమేషను పని చేసుకుని బతుకుతున్నాడు. 2023లో అప్పు చేసి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. కంప్యూటర్లు విప్పడం, బిగించడం నాకు పాతికేళ్ళ అలవాటు. “మామయ్యా, నువ్వొచ్చి పెట్టు, నాకు భయంగా ఉంది” అన్నాడు. వెళ్ళి పెట్టి వచ్చాను. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక రాత్రి ఫోను చేసి, “ప్లాస్టిక్కు కాలిన వాసన వస్తోంది మామయ్యా” అన్నాడు. ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపమన్నాను. మర్నాడు వెళ్ళి చూద్దును గదా, కనెక్టరులో ఒక మూలనున్న రెండు గళ్ళు కరిగి, కార్డు సాకెట్టుకు అతుక్కుపోయి ఉన్నాయి.

తప్పు నాదేనేమోనన్న అనుమానం నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ రోజు కేబులు పెట్టినప్పుడు ‘క్లిక్’ అన్న చప్పుడు విన్నానా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అయితే ఆ ఆలోచనలోనే మరొక ప్రశ్న పుట్టింది. పాతికేళ్ళలో వందలాది కేబుళ్ళు పెట్టినవాణ్ణి, వాటిలో ఒక్కదాని చప్పుడైనా గుర్తుపెట్టుకోవలసిన అవసరం నాకు ఇంతవరకు ఎందుకు కలగలేదు?

దీనికి జవాబు అంకెల్లో ఉంది. మన ఇళ్ళలో 2000 వాట్ల గీజరు ఉంటుంది. 230 వోల్టుల వద్ద అది తీసుకునే కరెంటు 9 ఆంపియర్లకు కాస్త తక్కువ. దానికని లావుపాటి మూడు పిన్నుల పవర్ ప్లగ్గు, ప్రత్యేకమైన సాకెట్టు, మందపాటి తీగ పెడతాం. అయినా ఆ ప్లగ్గు కాస్త వదులైతే చాలు, సాకెట్టు నల్లబడుతుంది. ఈ సంగతి తెలియని ఇల్లాలు మన ఊళ్ళలో ఉండదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు మాట. దానికి వెళ్ళేది 12 వోల్టులే. వోల్టులు తక్కువ కాబట్టి ప్రమాదం లేదనుకుంటాం. చేయి తగిలితే షాకు కొట్టదన్నంత వరకు అది నిజమే. కానీ అంతే శక్తిని తక్కువ వోల్టులతో పంపాలంటే ఎక్కువ కరెంటు పంపక తప్పదు. 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ అని పేరు పెట్టిన ఈ కొత్త కనెక్టరు 600 వాట్ల వరకు ఇవ్వగలదని ప్రమాణం. 600ను 12తో భాగిస్తే 50 ఆంపియర్లు. వెళ్ళే తీగలు ఆరు, తిరిగి వచ్చే తీగలు ఆరు. అంటే ఒక్కొక్క తీగలో 8 ఆంపియర్లకు పైనే. బొటనవేలి కింద దాగిపోయే ఆ చిన్న ప్లాస్టిక్కు ముక్కలో, ఒకదాని పక్కన ఒకటిగా, ఆరు గీజర్ల కరెంటు పారుతోందన్నమాట!

పాత ఎనిమిది పిన్నుల కనెక్టరు ఇలాంటిది కాదు. దాని మీద మోపిన భారం 150 వాట్లు. దానిలో కరెంటు మోసే తీగలు మూడు. తీగకు 4 ఆంపియర్లకు కాస్త ఎక్కువ. ఆ పిన్నులు అంతకు దాదాపు రెట్టింపు మోయగలవు. కాబట్టి నాలాంటివాడు ఒకసారి తొందరలో సగం దూర్చినా, మరోసారి వంకరగా పెట్టినా అది ఓర్చుకుంది. పాతికేళ్ళుగా నా పనితనమని నేను మురిసిపోయినది, చాలావరకు ఆ కనెక్టరు ఓర్పే! కొత్తదానిలో పిన్ను మోయగలిగేది 9 ఆంపియర్లకు కాస్త ఎక్కువ, మోసేది 8కి కాస్త ఎక్కువ. పిన్నుల మధ్య దూరం కూడా 4.2 మిల్లీమీటర్ల నుంచి 3 మిల్లీమీటర్లకు తగ్గింది. పొరపాటుకు వదిలిన చోటు దాదాపు లేదు.

పూర్తిగా దూరని కనెక్టరులో లోహానికి లోహం తగిలే చోటు తగ్గుతుంది. తగిలే చోటు తగ్గితే నిరోధం పెరుగుతుంది. నిరోధం ఉన్నచోట వేడి పుడుతుంది. ఆరింటిలో రెండు పిన్నులు సరిగా తగలకపోతే, వాటి వాటా కరెంటు కూడా మిగిలిన నాలుగింటి మీద పడుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. మా కార్డులో రెండు గళ్ళే కరిగి, తక్కినవి చెక్కుచెదరకుండా ఉండడానికి ఇలాంటిదేదో కారణమై ఉంటుంది.

4090 విడుదలైనది 2022 అక్టోబరులో. ఆ నెలలోనే కనెక్టర్లు కరుగుతున్న వార్తలు మొదలయ్యాయి. నవంబరులో ఎన్విడియా ఒక ప్రకటన చేసింది. ప్రపంచం మొత్తం మీద సుమారు 50 ఉదంతాలు తన దృష్టికి వచ్చాయని, కనెక్టరును కార్డులోకి పూర్తిగా దూర్చకపోవడం వాటిలో సామాన్యంగా కనిపిస్తున్న కారణమని ఆ ప్రకటన సారాంశం. ఇది అబద్ధమని నేను అనడం లేదు. కారణం అదే కావచ్చు. నా అభ్యంతరమల్లా, కారణాన్ని తప్పుగా మార్చి వాడుకునేవాడి నెత్తిన పెట్టడం మీదనే. కారణం వేరు, తప్పు వేరు. మెట్టు చూసుకోకపోవడం వల్ల పదిమంది పడితే అది వారి అజాగ్రత్త అనవచ్చు. అదే మెట్టు మీద పడినవారు ఇంకా వస్తూనే ఉంటే, మెట్టు కట్టిన మేస్త్రీని పిలిపించాలి.

ఈ మేస్త్రీలు కూడా ఆ సంగతిని చేతలతో ఒప్పుకున్నారనే నా నమ్మకం. 2023లో ఆ ప్రమాణాన్ని సవరించి 12వీ-2ఎక్స్6 అని పేరు మార్చారు. దానిలో కరెంటు మోసే పిన్నులను కాస్త పొడుగు చేశారు. పవర్ సప్లై ఎన్ని వాట్లు ఇవ్వగలదో కార్డుకు తెలిపే నాలుగు చిన్న పిన్నులను పొట్టి చేశారు. కనెక్టరు సరిగా దిగకపోతే ఈ పొట్టి పిన్నులు తగలవు, అవి తగలకపోతే కార్డు భారం మొయ్యదు. చాలా మంచి ఆలోచన. తప్పంతా దూర్చేవాడి చేతిదే అయినప్పుడు పిన్నుల పొడుగు మార్చవలసిన అవసరమేమి వచ్చింది?

కథ అంతటితో ముగియలేదు. 2025 జనవరిలో 575 వాట్ల 5090 వచ్చింది. ఫిబ్రవరిలో, డెర్ బావర్ అన్న పేరుతో ప్రసిద్ధుడైన జర్మనీ నిపుణుడు రోమన్ హార్టుంగ్ తన 5090 తీగల్లో కరెంటు కొలిచి చూపితే, ఒక్క తీగలోనే 20 ఆంపియర్లకు పైగా పారుతోంది! ఆరు తీగలూ కార్డులోకి వెళ్ళగానే ఒక్కటిగా కలిసిపోతాయి కనుక, ఏ తీగ ఎంత మోస్తున్నదో ఆ కార్డుకు తెలియదు. 3090 టీఐ కార్డులో తీగలను మూడు జతలుగా విడదీసి, భారం పంచే ఏర్పాటు ఉండేది. లక్షల రూపాయల వస్తువులో ఉన్న ఏర్పాటును తీసివేసి, మా మేనల్లుడి వంటివాణ్ణి ‘సరిగా దూర్చలేదు’ అనడం న్యాయమా?

అలాగని మన జాగ్రత్త మనకు అక్కరలేదని కాదు. న్యాయం తేలేలోపు కార్డు కాలిపోతుంది. అందుచేత ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను.

కరెంటు ఆపి, గోడ నుంచి ప్లగ్గు తీశాకే పని మొదలుపెడతాను. పవర్ సప్లైతో పాటు వచ్చిన కేబుళ్ళనే వాడతాను. విడదీయగలిగే కేబుళ్ళలో పవర్ సప్లై వైపు కొస ఒక్కో తయారీదారుది ఒక్కో తీరు. దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, తీగల వరుస తారుమారై అసలుకే మోసం రావచ్చు. పాత ఎనిమిది పిన్నుల కేబుళ్ళను కలిపే అడాప్టరు వాడవలసి వస్తే, దాని ప్రతి నోటికీ పవర్ సప్లై నుంచి విడి కేబులు తెస్తాను. ఒకే కేబులుకు కొసన వేలాడే రెండు తలలను రెండింటికీ తగిలించను.

కనెక్టరును నిటారుగా పట్టుకుని, కొక్కెం పడేదాకా నొక్కుతాను. చప్పుడు వినబడినా నమ్మను. టార్చి వేసి పక్క నుంచి చూస్తాను. కార్డుకూ కనెక్టరుకూ మధ్య సందు కనబడకూడదు. తరువాత మెల్లగా వెనక్కి లాగి చూస్తాను. కనెక్టరు నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా తీగలను వంచను. పెట్టె మూత నొక్కితే తీగ వంగుతున్నట్టయితే ఆ పెట్టె ఆ కార్డుకు చాలదన్నమాట. పవర్ సప్లై వైపు కొసను కూడా ఇదే తీరున చూస్తాను. చాలామంది ఆ కొసను మరిచిపోతారు.

దుకాణం వారితో రెండు నెలలు ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి ఓడిపోయాను. చివరికి మరమ్మతు చేసే ఒకాయన కరిగిన సాకెట్టు తీసి కొత్తది అతికించి ఇచ్చాడు. కార్డు బతికింది. ఆ ఖర్చు నేను ఇస్తానంటే మా వాడు తీసుకోలేదు. “నువ్వేం చేశావు మామయ్యా” అన్నాడు. ఆ మాట వాడు కాదు, వారంటీ కాగితం మీద సంతకం చేసినవారు అనవలసింది. సగం దిగిన గీజరు ప్లగ్గు ఇల్లు కాల్చితే మనం ప్లగ్గునూ, సాకెట్టునూ, తీగనూ పరీక్షిస్తాం, స్నానం చేయబోయినవాణ్ణి కాదు. ఈ కార్డుల విషయంలోనూ ఆ పాటి న్యాయమే నేను అడుగుతున్నది.