డిజైన్ తేలకుండా ఉక్కు కోయొద్దు

మన నౌకాదళం పి-17బి పేరుతో తర్వాతి తరం ఫ్రిగేట్లకు సిద్ధమవుతోంది. వేల కోట్ల వ్యవహారం. సంతకాలు పడ్డాక మొత్తుకుని లాభం ఉండదు కాబట్టి ఇప్పుడే చెప్పాలి: డిజైన్ పూర్తిగా ఖరారు కాకుండా, అందులో బిగించాల్సిన ఆయుధాలకు, సోనార్లకు, ఇంజిన్లకు ఆర్డర్లు పడకుండా యార్డులో పని మొదలుపెట్టకండి.

ఈ తొందర అమెరికా అంతటి దేశాన్నే ముంచింది. ఇటలీ వారి ఫ్రెమ్ నౌకను ఆధారం చేసుకుని 2020లో కాన్‌స్టలేషన్ తరగతి ఫ్రిగేట్లకు ఆర్డరిచ్చారు. సముద్రంలో తిరుగుతున్న ఓడే కదా, ఇబ్బందేముంటుందనుకున్నారు. ఆపైన ఒక్కో మార్పూ చేరుతూ పోయింది. మూల నౌకతో 85 శాతం ఉంటుందన్న పోలిక 15 శాతానికి పడిపోయింది. డిజైన్ తేలకుండానే 2022లో విస్కాన్సిన్‌లో నిర్మాణం మొదలైంది. బరువు పెరిగింది, 2026లో రావాల్సిన మొదటి ఓడ 2029కి జరిగింది. చివరికి 2025 నవంబరులో, చేతిలో ఉన్న రెండింటిని మాత్రం ఉంచి మిగతా నాలుగింటినీ రద్దు చేశారు.

మనకు కూడా ఇది కొత్త కాదు. శివాలిక్ తరగతి ఫ్రిగేట్ల ఖర్చు మొదట మంజూరైన దానికంటే 260 శాతం పెరిగిందని కాగ్ ఎప్పుడో తప్పుబట్టింది. ఎందుకు పెరుగుతుందో యార్డులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఒక గదిలో పైపులు, కేబుళ్లు వేసి రంగు కూడా కొట్టేశాక కొత్త రాడార్ ఎంపికైందంటారు. దానికి పెద్ద కూలింగ్ యూనిట్ కావాలి. కేబుళ్లు పీకాలి, గోడ కోయాలి, మళ్లీ వెల్డింగ్ చేసి మళ్లీ పరీక్షించాలి. పైభాగంలో బరువు పెరిగితే ఓడ నిలకడ లెక్కలన్నీ మొదటికొస్తాయి. రేపు మరో ఆయుధం పెడదామన్నా చోటుండదు.

ఆయుధాల సంగతి విశాఖవాసులకు వేరే చెప్పనక్కర్లేదు. జలాంతర్గాములను వేటాడేందుకే కట్టిన ఐఎన్‌ఎస్ కమోర్తా 2014 ఆగస్టులో అక్కడే నౌకాదళంలో చేరింది. ఆ రోజుకి దాని వెనక నీటిలో లాగే సోనార్ లేదు, విమానాలను కూల్చే క్షిపణులూ లేవు. అలాంటి ఓడలో మన పిల్లల్ని శత్రువు జలాంతర్గామి ఉన్న చోటికి పంపగలమా?

ఇంజిన్లది మరో చిక్కు. మన కోసం రష్యా కట్టిన తుశిల్, తమాల్ నౌకలకు కావాల్సిన టర్బైన్లు యుక్రెయిన్‌వి. 2014లో క్రిమియా గొడవ తర్వాత యుక్రెయిన్ వాటిని రష్యాకు ఇవ్వనంది. సగం కట్టిన ఓడలు కలినిన్‌గ్రాద్ యార్డులో ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. చివరికి టర్బైన్లు మనమే కొని రష్యాకు అందించాల్సి వచ్చింది. మన నీలగిరి తరగతి ఫ్రిగేట్ల గ్యాస్ టర్బైన్ల మూలం కూడా విదేశమే, అమెరికా. ఉక్కు విషయంలో పరాధీనత తప్పించుకోగలిగాం, హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ రూపొందించిన డీఎంఆర్-249ఏ ఉక్కు చలవ అది. ఇంజిన్ దగ్గర ఆ పట్టుదల ఇంకా ఫలించలేదు.

చైనా ఏటా ఓడలు దించుతోంది, ఆగే తీరిక మనకెక్కడిదంటారు. భయం నిజమైనదే. కానీ డొల్ల ముందు నీటిలోకి దిగినంత మాత్రాన ఓడ ముందు యుద్ధానికి రాదు. నీలగిరి తరగతికే చెందిన ఉదయగిరిని జలప్రవేశం తర్వాత 37 నెలల్లో నౌకాదళానికి అప్పగించగలిగిన సత్తా మన యార్డులకుంది. మధ్యలో డిజైన్ మార్చి ఆ వేగాన్ని పాడుచేయకండి.

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం వెంటనే అడగాల్సినవి ఇవి: డిజైన్‌లో ఎంత భాగం ఖరారైంది? ఏ ఆయుధానికి, ఏ సోనార్‌కు, ఏ హెలికాప్టర్‌కు ఆర్డరు ఏ తేదీన పడుతుంది? టర్బైన్లు ఆగిపోతే ప్రత్యామ్నాయం ఏమిటి? ఫైలు కేబినెట్ భద్రతా కమిటీకి వెళ్లకముందే రక్షణ శాఖ వీటికి రాతపూర్వకంగా జవాబివ్వాలి.