వ్యవధి ఇవ్వండి, వ్రాసి ఇవ్వండి

చేబదులు తిరిగి రానప్పుడు కోర్టును ఆశ్రయించడం బంధుత్వాన్ని తెంచుకోవడం కాదా అని జహీరాబాద్ సోదరులు, సోదరీమణులు మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమార్గంలో హక్కును కోరడం వైరం కాదు. అప్పును వ్రాసుకోవాలని, సాక్షులను నిలుపుకోవాలని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 282) ఆదేశిస్తున్నది. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వాలని అదే సూరా 280వ ఆయతు బోధిస్తున్నది.

అయితే ఆ వ్యవధిని కూడా కాగితం మీదనే ఇవ్వాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం చేబదులుపై దావాకు గడువు సాధారణంగా మూడేళ్లే. గడువు లోపల రుణగ్రస్తుడు బాకీని ఒప్పుకొని వ్రాసి సంతకం చేస్తే, ఆనాటి నుండి గడువు మళ్లీ మొదలవుతుంది.

చిన్న మొత్తాలకు ముందుగా లోక్ అదాలత్ మేలు. స్థానిక కోర్టులోని న్యాయసేవల కమిటీకి గాని, సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని దరఖాస్తు చేసుకోవాలి. ఇరువురి పేర్లు, చిరునామాలు, మొత్తం, ఇచ్చిన తేదీ వ్రాసి, పత్రం నకలు జతచేయాలి. కోర్టు ఫీజు ఉండదు. ఇరుపక్షాల రాజీతో వెలువడే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం; దానిపై అప్పీలు లేదు. ఎదుటివారు సమ్మతించకపోతే సివిల్ కోర్టులో దావా వేయవలసిందే. దరఖాస్తుతోనే గడువు ఆగిందని భావించరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

బాకీపడిన వారికి ఒక్క మాట: మూడేళ్ల గడువు కోర్టుకే గాని, ప్రళయదినపు విచారణకు లేదు.