తుపాకి పర్మిటు, పై కోర్టు మాట

పై కోర్టులో ఒక తీర్పు వస్తే కింద నడుస్తున్న కేసులు ఏమైతయి? మిల్లులో పనిచేసినోళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మా గ్రాట్యుటీ కేసు లేబర్ కోర్టులో ఏండ్లకేండ్లు నడిచింది. తారీఖుకు పోయినప్పుడల్లా వకీలుది ఒకటే మాట: ‘ఇసుంటిదే హైకోర్టులో ఉంది, అది తేలేదాకా ఇది కదలదు.’ అది తేలే నాటికి మా ఖాతాలో నాతో పాటు సాంచెలు నడిపిన వాళ్లలో ముగ్గురు కాలం చేసిన్రు. అందుకే కోర్టు ముచ్చట అంటే నాకు చెవులు నిక్కుతయి.

ఈ నెల నన్ను అడిగింది మాత్రం గ్రాట్యుటీ గురించి కాదు, తుపాకి గురించి. మా గల్లీలో బీడీలు చేసే చెల్లె ఒకామె ఉన్నది. కొడుకును అమెరికాకు చదువుకు పంపింది. మేరీల్యాండ్ అనే రాష్ట్రంలో ఉంటడు. పెట్రోలు బంకు దుకాణంలో రాత్రిపాళి చేస్తడు. అక్కడి దుకాణాలలో మన తెలుగు పిల్లలు కాల్పుల్లో పోయిన వార్తలు మీరూ చదివే ఉంటరు. ఆ దుకాణం సేటు పిల్లగానితో, ‘సుప్రీంకోర్టు దారి తెరిచింది, ఇప్పుడు పర్మిటు ఎవరికైనా ఇస్తున్నరు, నువ్వు కూడా పెట్టుకో’ అన్నడట. ‘అన్నా, తుపాకి లేకుంటే వానికేమైతదో అని భయం, ఉంటే ఏం మీదికి తెచ్చుకుంటడో అని భయం, ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు’ అని వచ్చి కూసున్నది.

మా మనవరాలు వకాలత్ చదువుతున్నది. ఆమెను కూసోబెట్టి చదివించుకున్న, అర్థం కానిది మళ్ల మళ్ల అడిగిన. నాలుగో తరగతి చదివినోనికి అర్థమైందంటే మీ అందరికీ అయితది.

అమెరికాలో తుపాకి పెట్టుకునే హక్కు వాళ్ల రాజ్యాంగంలోనే రాసి ఉంది. 1791లో చేర్చిన రెండో సవరణ అది. ఆ దేశంలో మనుషుల కంటే తుపాకులే ఎక్కువ. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం 100 మందికి 120 తుపాకులు ఉన్నయి. అయినా ఆ హక్కు ఎంతదాకా అన్నది చాలా కాలం తేలలేదు. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఇంట్లో తుపాకి ఉంచుకోవడం ప్రతి మనిషి హక్కు అన్నది. 2010లో ఆ మాట అన్ని రాష్ట్రాలకు వర్తిస్తదని చెప్పింది. ఇంట్లో సరే, మరి నడుముకు పెట్టుకుని బజారుకు పోవచ్చునా? ఇంకో పన్నెండేండ్లు ఆ ప్రశ్న అట్లనే ఉన్నది.

న్యూయార్కులో నూరేండ్లు దాటిన ఒక చట్టం ఉండె. బయట తుపాకి పట్టుకుపోవాలంటే ‘నాకు అందరి కంటే వేరే ప్రమాదం ఉంది’ అని చూపించాలె. ఊరికే భయమైతుంది అంటే చాలదు. ఇచ్చుడు ఇయ్యకపోవుడు అధికారి ఇష్టం. న్యూజెర్సీ, మేరీల్యాండ్, కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్ లలో కూడా కొంచెం అటూ ఇటూ ఇదే పద్ధతి. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని 6–3తో కొట్టేసింది. హక్కు అన్నాక కారణం ఎందుకు అడుగుతరు అన్నది. ఇంకో మాట కూడా అన్నది, అదే అసలు ముడి. తుపాకి మీద ఏ ఆంక్ష పెట్టినా, దేశం పుట్టిన కాలం నుంచీ ఇసుంటి ఆంక్ష ఉందని ప్రభుత్వమే పాత చరిత్ర చూపించాలె.

ఇగ దరఖాస్తులు పెట్టి కూసున్నోళ్ల సంగతి. మన దగ్గర హైకోర్టు తీర్పు వస్తే ఆ కాగితం తాలూకా ఆఫీసుకు చేరేసరికి ఎండాకాలం పోయి వానాకాలం వస్తది. అక్కడ న్యూజెర్సీ, కాలిఫోర్నియాల ప్రభుత్వ పెద్ద వకీళ్లు తెల్లారే ఉత్తర్వులు పంపిన్రు, ఆ కారణం అడగడం ఆపమని. మేరీల్యాండ్ గవర్నరు జూలై 5న పోలీసులకు ఇదే చెప్పిండు. అంటే అప్పటికి పెట్టిన దరఖాస్తులకు కూడా ఆ ఒక్క అడ్డం తొలగింది. తక్కినయి తొలగలేదు. వేలిముద్రలు, పాత నేరాల తనిఖీ, శిక్షణ అన్నీ ఉన్నయి. ఆ తీర్పు ‘అడిగినోనికల్లా ఇయ్యుండ్రి’ అని చెప్పలేదు. కొందరు అట్ల చెప్పుకుంటున్నరు, అది తప్పు. ఫీజు మరీ ఎక్కువ పెట్టినా, ఏండ్ల తరబడి నానబెట్టినా దాని మీద మళ్ల కోర్టుకు రావచ్చని ఆ తీర్పులోనే ఒక అడుగుమాటలో రాసిన్రు. ఆ మాట పట్టుకుని లాస్ ఏంజిలస్ లో ఆలస్యాల మీద కేసులు పడ్డయి కూడా.

ప్రభుత్వాలు ఊకుంటయా? న్యూయార్కు వారం తిరగగానే కొత్త చట్టం చేసింది. 18 గంటల శిక్షణ అన్నది, బడులు, గుళ్లు, బస్సులు, టైమ్స్ స్క్వేర్ లాంటి చోట్లకు తుపాకి తేవద్దన్నది. న్యూజెర్సీ ఫీజును 50 డాలర్ల నుంచి 200 చేసింది. వాకిలి తెరిచి గడప ఎత్తు పెంచినట్టు! ఇగ వాటి మీద మళ్ల కేసులు.

కోర్టులలో నడుస్తున్న కేసులది ఇంకో కథ. తీర్పు వచ్చిన వారానికి, జూన్ 30న, సుప్రీంకోర్టు తన దగ్గర కాచుకుని ఉన్న నాలుగు తుపాకి కేసులను ఒకేసారి వెనక్కి పంపింది. అవి న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మేరీల్యాండ్, హవాయిలవి. గెలిచిన్రని చెప్పలేదు, ఓడిన్రని చెప్పలేదు. కింది తీర్పు రద్దు, కొత్త తీర్పు చూసి మళ్ల మీరే తేల్చుండ్రి, అంతే. ఫోల్డింగ్ ఖాతాలో డాగు పడ్డ తాను వెనక్కి పంపుతరు చూడుండ్రి, అట్ల. తాను మంచిదో చెడ్డదో ఫోల్డింగువాడు తేల్చడు. నేసినోడే మళ్ల చూసుకోవాలె.

ఆ హవాయి కేసు నాకు మస్తు పట్టింది. ఒక మాజీ సైనికుడు 2011లో పర్మిటు అడిగితే పోలీసు పెద్ద ఇయ్యలేదు. వకీలు లేకుండానే 2012లో తానే కేసు వేసిండు. 2018లో ముగ్గురు జడ్జీల బెంచి ఆయన దిక్కు చెప్పింది. 2021లో పదకొండు మంది కూసుని 7–4తో కాదన్నరు. 2022లో ఆ కాదన్న తీర్పే రద్దయింది. పదేండ్లు తిరిగి కేసు మళ్ల మొదటికి. మా లేబర్ కోర్టు మెట్లు యాదికొచ్చినయి నాకు.

పై కోర్టు మాట ఎంత దూరం కొడతదో చూడాలంటే టెక్సాస్ కేసు చూడాలె. ఒకడు తనతో ఉన్న ఆడమనిషిని కొట్టిండు, తుపాకి పేల్చిండు. కోర్టు ఆమె దగ్గరికి పోవద్దని, తుపాకి పెట్టుకోవద్దని ఉత్తర్వు ఇచ్చింది. 1994 నుంచి అక్కడ ఉన్న చట్టమే అది. అయినా పెట్టుకున్నడు, శిక్ష పడ్డది. అప్పీలు కోర్టు 2022 జూన్ లో ఆ శిక్ష సరే అన్నది. అదే నెలలో బ్రూయెన్ తీర్పు వచ్చింది. అదే అప్పీలు కోర్టు తన తీర్పు తానే వెనక్కి తీసుకుని, 2023లో ఆ చట్టమే చెల్లదు అన్నది. ఎందుకంటే, 1791 నాటికి పెండ్లాన్ని కొట్టినోని చేతిలోంచి తుపాకి గుంజుకునే చట్టం ఎక్కడ దొరుకుతది? ఆడవాళ్ల మొర సరిగా వినని కాలంలో దాన్ని వెతకమనడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాలేదు. కోర్టు రక్షణ కాగితం చేతిలో పట్టుకున్న ఎందరో ఆడవాళ్లు ఆ ఏడాదిన్నర ఊపిరి బిగబట్టి ఉంటరు. 2024 జూన్ 21న రహీమీ తీర్పులో సుప్రీంకోర్టు 8–1తో ఆ చట్టం నిలబెట్టింది. చరిత్రలో అచ్చం అటువంటి చట్టమే దొరకాలని లేదు, దాని సూత్రం కలిస్తే చాలు అన్నది. మళ్ల వెంటనే జూలై 2న కొత్త న్యూయార్కు చట్టం కేసుతో పాటు ఇంకొన్ని కేసులు వెనక్కి!

అట్ల వెనక్కి పోయిన వాటిల ఒకటి రేషన్ కేసు లాంటిది. పెన్సిల్వేనియాలో ముగ్గురు పిల్లల తండ్రి ఒకాయన. గడ్డి కోసే పని చేసుకుంటుండె. 1995లో ఆ కూలి డబ్బులు కాగితంలో చూపకుండా ఫుడ్ స్టాంపులు తీసుకున్నడని కేసయింది. 2,458 డాలర్లు తిరిగి కట్టిండు, జైలుకు పోలేదు. కానీ ఆ నేరానికి అయిదేండ్ల దాకా శిక్ష పడొచ్చని చట్టంలో రాసి ఉన్నందుకు, జీవితాంతం తుపాకి ముట్టొద్దన్నరు. 2020లో కేసు వేసిండు. కింది కోర్టు కాదన్నది, ముగ్గురు జడ్జీలు కాదన్నరు, 2023లో ఫుల్ బెంచి అవునన్నది, 2024లో సుప్రీంకోర్టు రద్దు చేసి వెనక్కి పంపింది, అదే ఏడాది డిసెంబరులో ఫుల్ బెంచి మళ్ల అవునన్నది. పెండ్లాం మీద చెయ్యెత్తి తుపాకి తీసినోడూ, పిల్లల తిండి కోసం కూలి దాచినోడూ ఒకటే గాటన ఎట్ల కడతరు? ఈ తేడా చూసే జడ్జీలు ఉండడం మంచిదే అని నా అభిప్రాయం. అదే ఇంకో అప్పీలు కోర్టు కింద అయితే ఆయన ఓడిపోయేటోడేమో. ఒక్కో కోర్టు ఒక్కో తీరుగా చెప్తున్నది.

ఇంత చెప్పి ఆ చెల్లెకు అసలు మాట చెప్పిన. ఇవి ఏవీ నీ కొడుకువి కావు బిడ్డా. చదువు వీసా, పని వీసా, చూసిపోయే వీసా, అట్ల కొంతకాలానికని పోయినోళ్లకు తుపాకి పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టమే నిషేధించింది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నయి కానీ, దుకాణంలో కాపలాకు అది సాకు కాదు. గ్రీన్ కార్డు వచ్చినోళ్ల సంగతి వేరు, వాళ్లకు ఈ అడ్డం లేదు. మేరీల్యాండ్ పోలీసు కారణం అడగడం ఆపినంత మాత్రాన కేంద్ర చట్టం పోలేదు. 2022లోనే ఆ నేరానికి పెద్ద శిక్షను పదేండ్ల నుంచి పదిహేనేండ్లకు పెంచిన్రు. ఆ పైన వీసా పోతది, దేశం నుంచి పంపుతరు. పర్మిటు దాకా ఎందుకు, సేటు గల్లా కింద పెట్టుకున్న తుపాకిని ‘నువ్వు చూసుకో’ అని చేతికిచ్చినా ప్రమాదమే.

అట్ల ఇరుక్కున్న పిల్లగాడు ఒకడు ఉన్నడు కూడా. యుఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకు వచ్చిండు. మార్కులు రాక కాలేజీ తీసేసింది, దానితో వీసా హోదా పోయింది. వాడు సరదాకు గురి కొట్టే క్లబ్బుకు పోయి కిరాయి తుపాకి కాల్చిండు. అంతే, జైలు. ఆ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2019లో 7–2తో తీర్పు వచ్చింది: తన హోదా పోయిందని వానికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలె. ఆ ఒక్క తీర్పుతో దేశమంతా తుపాకి కేసులలో శిక్ష పడి అప్పీలుకు పోయినోళ్లు ‘మాకూ తెలియదు’ అని పట్టుకున్నరు. 2021లో ఇంకో తీర్పు వచ్చి ఆ దారి చిన్నదయింది. అప్పుడు కింది కోర్టులో ఆ మాట ఎత్తనోళ్లు, నిజంగా తెలియదని నమ్మించే ఆధారం చూపాలె అన్నరు. పాత నేరగాళ్లకు తమ నేరం తెలియకుండా ఎట్ల ఉంటది, వాళ్లలో చాలామందికి లాభం కాలేదు. పై కోర్టు ఇచ్చిన దాన్ని వెంటనే అడగాలె, తర్వాత అడిగితే దొరకదు. మా గ్రాట్యుటీ కేసులో వడ్డీ అడగమని ముందే రాయించినోళ్లకే వడ్డీ వచ్చింది.

మన దేశంలో ఆ హక్కే లేదు. 2023 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు లైసెన్సు లేని ఆయుధాల సంగతి చూస్తూ ఈ తేడానే చెప్పింది. అమెరికాలో అది ప్రాథమిక హక్కు, మన రాజ్యాంగంలో అటువంటిది లేదు, చట్టం ఒప్పుకుంటేనే తుపాకి. ఆ చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. కలెక్టరో పోలీసు కమిషనరో లైసెన్సు ఇస్తరు. ఇయ్యకపోతే పైన అప్పీలు, దాని తర్వాత హైకోర్టు.

మిల్లులు మూతపడ్డాక వాచ్‌మన్ పనిలో చేరినోళ్లు మన పేటలలో మస్తుమంది. గన్‌మన్ గా లైసెన్సు తుపాకి ఉన్నోళ్లు ఎవరైనా ఉంటే ఇది వాళ్లకు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ‘తుపాకి ఠాణాలో జమ చేయి’ అంటరు. తుపాకి జమ అయితే డ్యూటీ పోతది, డ్యూటీ పోతే జీతం పోతది. 2009లో బొంబాయి హైకోర్టు గోవా బెంచి ఒక కేసులో, అందరి తుపాకులూ గుడ్డిగా గుంజుకోవద్దు, ఎవరివి తీసుకోవాలో ఒక స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కరిది చూసి తేల్చాలె అన్నది. ఎన్నికల కమిషన్ ఆ తీర్పు పట్టుకుని రాష్ట్రాలకు ఉత్తర్వులు పంపింది. కాబట్టి నోటీసు వస్తే ఊకోవద్దు. బ్యాంకు ఇచ్చిన డ్యూటీ చీటీ, లైసెన్సు జిరాక్సు జత చేసి, నా తుపాకి పొట్టకూటికి, మినహాయింపు ఇయ్యుండ్రి అని కమిటీ పేరున దరఖాస్తు రాయుండ్రి. ఠాణాలో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా బయటికి రాకుండ్రి. రాయడం రాకపోతే ఆదివారం పొద్దున నేను ఇంటి దగ్గరే ఉంటా, కాగితం తెచ్చుకోండి.