ఒకే గంజు... ఇల్లంతా హౌస్‌ఫుల్!



ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే ఎప్పటిలాగే సగం హీరోల గురించి, పావు వంతు హీరోయిన్ల గురించి. మిగిలిన పావులో ఒక ఉత్తరం దగ్గర నా చెయ్యి ఆగింది. ఓ తమ్ముడు రాశాడు: "అక్కా! సినిమాల్లో వాళ్లు ముళ్ల చెంచాకి చుట్టుకుని పాస్తా తింటుంటే చూడ్డమే గానీ మా ఇంట్లో ఎన్నడూ వండలేదు. ఒక రాత్రి అమ్మానాన్నలకి నేనే వండిపెడదామని ఉంది. కానీ అది పెద్ద హోటళ్ల వంట కదా! నాలుగు గిన్నెలు, రెండు పొయ్యిలు, అరడజను సీసాలు కావాలేమో?"

అక్కర్లేదు తమ్ముడూ! ఒక్క పొయ్యి, ఒక్క గంజు, అరగంట టైము చాలు. (కోస్తా చెల్లాయిల కోసం చెబుతున్నా, మా భానూర్ వైపు గంజు అంటే గిన్నె. గంజి కాదు! గంజి సంగతి కూడా వస్తుంది, ఆగండి.)

తెర మీద పాస్తా

సినిమా పత్రికలో వంటేమిటని మూతి విరిచేవాళ్లకి ముందుగా ఒక మాట. పాస్తాకీ సినిమాకీ చుట్టరికం ఈనాటిది కాదు. 1925లో వచ్చిన 'ది గోల్డ్ రష్'లో చార్లీ చాప్లిన్ ఆకలికి తాళలేక బూటు ఉడకబెట్టుకుని, దాని లేసుల్ని ముళ్ల చెంచాకి చుట్టి అచ్చంగా స్పఘెట్టి తిన్నట్టే తింటాడు. 1931 నాటి 'సిటీ లైట్స్'లో మళ్లీ చాప్లినే! హోటల్లో పైనుంచి వేలాడే రంగు కాగితం పీలిక ప్లేటులో పడితే, అదీ స్పఘెట్టియే అనుకుని నమిలేస్తాడు. 1955లో డిస్నీవాళ్లు తీసిన 'లేడీ అండ్ ది ట్రాంప్'లో రెండు కుక్కలు ఒకే పోగుని చెరోవైపు నుంచీ తింటూ వచ్చి ముద్దు పెట్టుకున్న సీను చూసి ఎంతమంది ప్రేమికులు నిట్టూర్చారో!

అంతెందుకు? 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీశాక, ఇటలీవాళ్లు తీసే గుర్రాలూ తుపాకుల సినిమాలకి 'స్పఘెట్టి వెస్టర్న్' అన్న పేరే స్థిరపడిపోయింది. ఆ గాలి మన మద్రాసు దాకా వీస్తే ఏమైంది? 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో, కృష్ణ హీరోగా 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది! 2023 మే 31న ఆ సినిమాని మళ్లీ థియేటర్లలో వేసినప్పుడు ఈల వేసినవాళ్లలో మీరూ ఉండే ఉంటారు. ఇటలీ సరుకుని మన మసాలాతో వండి హిట్టు కొట్టారు కృష్ణ. మనం వంటింట్లో చెయ్యబోయేదీ సరిగ్గా అదే!

ఏడున్నర నుంచి తొమ్మిది వరకు

ఇక అసలు కథ. భానూర్ పేరు వినగానే చాలామందికి క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ యూనిట్ గుర్తొస్తుంది. మా చుట్టుపక్కల ఇళ్లకి మాత్రం గుర్తొచ్చేది షిఫ్టులు. పటాన్‌చెరు, పాశమైలారం, రామచంద్రాపురం... ఈ బెల్టులో ఏ ఇంటికెళ్లినా గోడ మీద దేవుడి క్యాలెండరు, దాని పక్కనే షిఫ్టు కాగితం ఉంటుంది. పొద్దున షిఫ్టు వారం ఒక రకం సంసారం, మధ్యాహ్నం షిఫ్టు వారం ఒక రకం, నైటు వారం ఇంకో రకం!

మా ఇంట్లో ఐదుగురం. మధ్యాహ్నం షిఫ్టు వారం మావారు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. నైటు వారం మాత్రమే రాత్రి భోజనానికి అందరం ఒక్కచోట దొరుకుతాం. అదీ ఎంతసేపు? నేను పటాన్‌చెరు నుంచి పని ముగించుకుని ఏడున్నరకి ఇల్లు చేరతాను. మా అమ్మాయి కాలేజీ బస్సు దిగేదీ ఇంచుమించు అప్పుడే. తొమ్మిదయ్యేసరికి ఆయన కంపెనీ బస్సుకి వీధి చివర నిలబడాలి. గంటన్నర. ఒక ఇంటర్వెల్ లేని సినిమా అంత కూడా లేదు!

ఈ గంటన్నరలో అన్నం, పప్పు, కూర, చారు అంటూ కూర్చుంటే ఏమవుతుంది? అందరూ తింటారు, నేను వడ్డిస్తాను. అందరూ లేస్తారు, బస్సు వెళ్లిపోతుంది, అప్పుడు నేను కూర్చుంటాను. ఒక్కదాన్నే, చల్లారిన అన్నంతో. ఎవరూ కావాలని చేసింది కాదు. నాలుగు గిన్నెల వంటలో వండేవాళ్ల వంతు ఎప్పుడూ చివరే వస్తుంది. మీ ఇంట్లోనూ అంతేనేమో ఒకసారి చూసుకోండి. అమ్మ మీతోపాటు, మీరు మొదటి ముద్ద పెట్టుకునేటప్పుడే తానూ పెట్టుకుని ఎన్ని రోజులైంది?

1957 నాటి 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు పెళ్లి భోజనం ఒంటరిగా లాగించే సీను మనందరికీ కంఠతా వచ్చు. మార్కస్ బార్ట్‌లే కెమెరా మహిమకి లడ్డూలు గాల్లో ఎగిరి నోట్లో పడతాయి. అంత వంట చేసినవాళ్ల ముఖాలు ఎవరికైనా గుర్తున్నాయా? లేవు కదూ! అందుకే నైటు వారంలో ఒక రోజు మా ఇంట్లో ఒకే గంజు వంట. ఆ రోజు వండినవాళ్లు కూడా మొదటి పంక్తిలోనే!

గంజి వార్చకండి

మామూలు పద్ధతిలో పాస్తా వండాలంటే వంద గ్రాములకి లీటరు లెక్కన నీళ్లు మరగబెట్టి, ఉడికాక ఆ నీళ్లు వార్చేసి, ఇంకో మూకుట్లో చేసిన సాసులో కలుపుతారు. మా ఐదుగురికీ మూడున్నర లీటర్లు! నల్లా ఎప్పుడొస్తుందా అని బిందెలు పట్టుకు నిలబడే ఇళ్లలో మూడున్నర లీటర్లు మరగబెట్టి తూములో పోయడానికి చెయ్యి రాదు.

ఆ పారబోసే నీళ్లేమిటో తెలుసా? అచ్చంగా గంజి! గోధుమ రవ్వలోని పిండిపదార్థం వేడికి ఉబ్బి, కొంత నీళ్లలోకి దిగుతుంది. దాన్ని వార్చకుండా కొలత నీళ్లలోనే ఉడికిస్తే, ఆ గంజే నూనెనీ టమాటా రసాన్నీ పట్టుకుని చిక్కటి సాసు అయిపోతుంది. వేరే సాసు చెయ్యక్కర్లేదు. మన నాయనమ్మలు ఎసరు కొలిచి పోసి, వార్చకుండా అన్నం ఇగరబెట్టేవారే, అదే అత్తెసరు! ఇది అత్తెసరు పాస్తా అన్నమాట. ఈ పద్ధతి 2013లో అమెరికాలో మార్తా స్టీవర్ట్ పత్రికలో వచ్చి దేశదేశాలా పాకింది. సేమ్యా ఉప్మా, కిచిడీ ఎరిగిన మనకి మాత్రం ఇది పాత సినిమాకి కొత్త ప్రింటే!

కావలసిన తారాగణం (ఐదుగురికి)

పొట్టి పాస్తా 350 గ్రాములు (గొట్టాలో, మాకరోనీయో, ఏదైనా సరే; ప్యాకెట్టు మీద డ్యూరమ్ గోధుమ అని ఉంటే త్వరగా ముద్ద కాదు). బాగా పండిన టమాటాలు 4. ఉల్లిగడ్డలు 2. వెల్లుల్లి 6 రెబ్బలు. క్యారెట్ 1, క్యాప్సికం 1, పచ్చి బఠాణీ ఒక గుప్పెడు. నూనె 2 పెద్ద చెంచాలు. కారం ఒక టీ చెంచా. ఉప్పు ముందు ఒక టీ చెంచా (నీళ్లు వార్చం కాబట్టి వేసిన ఉప్పంతా లోపలే ఉంటుంది, జాగ్రత్త!). మిరియాల పొడి చిటికెడు. వేయించిన పల్లీల పొడి 3 పెద్ద చెంచాలు. కొత్తిమీర. నీళ్లు సరిగ్గా లీటరు, పక్కన ఇంకో గ్లాసు వేడినీళ్లు.

చీజు ఏదీ అంటారా? ఉంటే రెండు ముక్కలు తురిమి వేసుకోండి, వద్దనను. మా అత్తమ్మ మాత్రం మొదటిసారి గంజులోకి తొంగిచూసి, "ఇదేందే, సేమ్యాకు పెద్దన్న తీరుగున్నది! జర పల్లీల పొడి వెయ్యి, కమ్మగైతది" అంది. వేశాను. అయింది! అప్పట్నుంచీ మా ఇంట్లో చీజు పాత్రకి పల్లీలే డూపు. 1972లో మా పటాన్‌చెరులో వెలిసిన ఇక్రిశాట్‌లో పరిశోధన చేసే పంటల్లో వేరుశనగ కూడా ఒకటి. కాబట్టి ఇది ఊరి సరుకే!

స్టార్ట్... కెమెరా... యాక్షన్!

మొదటి షాట్: వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గంజులో నూనె కాగాక వెల్లుల్లి, ఉల్లిగడ్డ ముక్కలు వేసి మూడు నిమిషాలు వేయించండి. ఎర్రగా మాడనక్కర్లేదు, మెత్తబడితే చాలు.

రెండో షాట్: టమాటా ముక్కలు, ఉప్పు, కారం వేసి ఇంకో మూడు నిమిషాలు. టమాటాలు నీరు వదిలి దగ్గర పడాలి.

మూడో షాట్: క్యారెట్ ముక్కలు, బఠాణీ, పాస్తా వేసి లీటరు నీళ్లు పోయండి. మంట పెద్దది చేసి మరగనివ్వండి.

క్లైమాక్స్: మరగడం మొదలవగానే మంట మధ్యస్థంగా తగ్గించి, మూత పెట్టకుండా పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. ఇక్కడ హీరో గరిటె! నిమిషానికోసారి అడుగుదాకా పోనిచ్చి కలపాలి. మొదటి నాలుగు నిమిషాలు మరీ ముఖ్యం. అప్పుడే పాస్తా ఒకదానికొకటి అతుక్కుంటుంది, అడుగంటుతుంది. ఫోనులో ట్రైలరు చూస్తూ నిలబడ్డారో, అడుగు మాడి సినిమా ఫ్లాపు! ఎనిమిదో నిమిషంలో క్యాప్సికం వెయ్యండి.

ఒక గొట్టం తీసి కొరికి చూడండి. పంటికి కాస్త తగులుతూ ఉండగానే, గంజులో ఇంకా కొంచెం రసం కదులుతూ ఉండగానే పొయ్యి ఆపెయ్యండి. నీళ్లు ముందే ఇగిరిపోతే పక్కనున్న వేడినీళ్లు కాస్త కాస్త పొయ్యండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ఆపాక పల్లీల పొడి, మిరియాలు కలిపి, ఉప్పు చూసి, మూత పెట్టి మూడు నిమిషాలు వదిలెయ్యండి. మిగిలిన రసాన్ని పాస్తా తాగి చిక్కబడుతుంది. పైన కొత్తిమీర. శుభం!

గడియారం చూసుకోండి. కూరలు తరగడంతో సహా అరగంట. తోమాల్సింది ఒక గంజు, ఒక గరిటె, కత్తీ పీటా!

మూడు హెచ్చరికలు

ఒకటి: చుట్టాలొచ్చారని పాస్తా రెట్టింపు చేస్తే నీళ్లు కచ్చితంగా రెట్టింపు చెయ్యకండి. గంజు వెడల్పు అంతే కదా, ఆవిరైపోయేది రెట్టింపవదు. ఒక గ్లాసు తగ్గించి మొదలుపెట్టండి, అవసరమైతే చివర్లో పోసుకోవచ్చు.

రెండు: ఇది ముందే వండి పెట్టే వంట కాదు. నిలవ ఉన్నకొద్దీ పాస్తా రసం పీల్చుకుని ముద్దవుతుంది. తినేవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే వండాలి. ఆలోచిస్తే ఇదే దీనిలోని సుగుణం కూడా! గంజు దించగానే అందరూ వచ్చి కూర్చోక తప్పదు.

మూడు: జొన్న పాస్తా కొన్నారా, మంచిదే. గోధుమలో ఉండే జిగురు దానిలో ఉండదు కాబట్టి సుతారంగా కలపండి, ప్యాకెట్టు మీదున్న టైముకి రెండు నిమిషాల ముందే చూడండి.

గరిటె చేతులు మారాలి

ఈ వంటలో నాకు అన్నిటికన్నా నచ్చింది రుచి కాదు, తేలిక. దీనికి చెయ్యి తిరిగిన వంటమనిషి అక్కర్లేదు. మొన్న నైటు వారంలో నేను ఇల్లు చేరేసరికి మా అమ్మాయి టమాటాలు తరుగుతోంది, తొమ్మిది చదివే మా వాడు లీటరు సీసాతో నీళ్లు కొలుస్తున్నాడు. "అమ్మా, నువ్వు కాళ్లు కడుక్కుని కూర్చో" అన్నారు. ఎనిమిదింబావుకి ఐదు ప్లేట్లూ ఒకేసారి నిండాయి. అత్తమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "కారం జర తక్కువైంది గని, మంచిగనే ఉన్నది బిడ్డా" అంది. మావారు బస్సు టైము మరిచిపోయి ఆఫీసు జోకులు చెప్పారు. నేను వేడివేడిగా తిన్నాను. అంతే! ఇందులో పెద్ద డ్రామా ఏమీ లేదు. కానీ ఆ ముప్పావు గంట నాకు ఏ సూపర్‌హిట్ సినిమాకీ తీసిపోలేదు.

కాబట్టి ఉత్తరం రాసిన తమ్ముడూ! వంట ఆడవాళ్ల పని అని ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఈ ఆదివారం ఫస్ట్‌షో చూసొచ్చాక, ఫ్రెండ్స్‌తో టీ కొట్టు దగ్గర నిలబడకుండా నేరుగా ఇంటికెళ్లు. గంజు పొయ్యి మీద పెట్టు. అమ్మని మాత్రం వంటింట్లోకి రానివ్వకు. సాయం చేస్తానని వస్తుంది, అలవాటు ప్రాణం! ముందుగా ఆమె ప్లేటులోనే వడ్డించు. ఆమె తింటుంటే పక్కన కూర్చుని నువ్వూ తిను.

రుచి ఎలా కుదిరిందో కాదు, అమ్మ ఏమందో నాకు రాయి.

వచ్చేవారం మిగిలిపోయిన జొన్నరొట్టెతో చేసే ఒక 'రీమేక్' చెబుతాను. అంతవరకూ సెలవు!

మీ అక్కయ్య