డ్రిల్లు మాస్టారికి పేరుండదా?

మా ఇంట్లో ఒక పాత గ్రూపు ఫోటో ఉంది. మా తాత చదువుకున్న హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుది. వెనకాల పెన్సిలుతో పిల్లలందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసి ఉన్నాయి. కుడివైపు చివర, నిక్కరు వేసుకుని మెళ్లో విజిలుతో నిలబడ్డ మనిషి దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘డ్రిల్లు మాస్టారు’ అని రాసి ఊరుకున్నారు. ఆ గోలీ మేనమామ ఎవరో, ఆయన ఏ ఊరి అల్లుడో కూడా మా పెద్దవాళ్లు చెప్పగలరు. ఈయన పేరు చెప్పగలిగినవాళ్లు ఒక్కరు లేరు.

మనవాళ్లకి ఆటల గొప్పలు తక్కువేం కాదు. చెన్నపట్నం తెలుగువాళ్లం నలుగురం కలిస్తే బుచ్చిబాబు నాయుడుగారు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టిన సంగతి వస్తుంది. వెంటనే ఆయన కొడుకు కోటా రామస్వామి: 1922లో డేవిస్ కప్ టెన్నిస్, 1936లో ఇంగ్లండు మీద టెస్టు క్రికెట్టు. నాగపూర్ బంధువులొస్తే 1932, లార్డ్స్, సి.కె. నాయుడు. ఒడిశా వైపు వాళ్లుంటే కోడి రామ్మూర్తిగారి ఛాతీ మీద ఏనుగు. అన్నీ నిజాలే. మేమూ నోరారా చెప్పుకుంటాం. కానీ ఈ జాబితాలో అందరూ ఆడినవాళ్లే, గెలిచినవాళ్లే. నేర్పడమే బతుకంతా చేసినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

ఒకాయన ఉన్నాడు, మన మధ్యే ఉండి వెళ్లాడు. జనవరిలో పుస్తకాల పండగకని నందనం వై.ఎం.సి.ఎ. మైదానానికి వెళ్తాం కదా, ఆ నేల ఆయన కళాశాలది. పేరు హ్యారీ క్రో బక్. అమెరికాలో పెన్సిల్వేనియావాడు, 1884లో పుట్టాడు. చదివింది స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టింది ఆ బడిలోనే. బక్ 1919లో మద్రాసు వచ్చాడు, 1920లో గుప్పెడుమంది విద్యార్థులతో వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. 1943లో పోయేదాకా ఆయన పని అదే.

ఆయన దగ్గర చేరినవాడు ఒక ఆట నేర్చుకుని పోవడం కుదరదు. పరుగు, దూకుడు, ఈత, జిమ్నాస్టిక్స్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ నేర్చుకోవాలి. వాటి పక్కనే మన దండాలూ బస్కీలూ చెడుగుడూ కూడా. ఎముకలూ కండలూ ఎలా పనిచేస్తాయో చదవాలి. ఆ తర్వాత వెళ్లి పిల్లలకి పాఠం చెప్పి చూపించాలి. ఆటగాణ్ని కాదు, ఆటలు నేర్పే పంతుల్ని తయారుచెయ్యడమే ఆ చదువు ఉద్దేశం. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కి మన దేశం జట్టుని పంపినప్పుడు మేనేజరుగా వెళ్లింది ఈ బక్కే. వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ పంతుళ్లకి పాఠాలు చెప్పుకున్నాడు. అప్పటికి కోస్తా జిల్లాలూ రాయలసీమా మద్రాసు రాజధానిలోనివే, 1953 దాకా ఆ రాష్ట్రంలోనివే. కాబట్టి ఈ కళాశాల అరవవాళ్లకి ఎంతో తెలుగువాళ్లకీ అంతే.

ఇది చెప్పగానే మా ఇంట్లోనే ఒకాయన లేచాడు. “అమెరికావాడు, మతప్రచార సంస్థ మనిషి. మన వారసత్వంలో వాడికేం పని?” అని. ఆ సంస్థ ఏ ఉద్దేశంతో వచ్చిందో మాకు తెలియకపోలేదు, దాన్ని దాచక్కర్లేదు కూడా. అసలు బక్ వచ్చేదాకా మనకి ఒళ్లు వంచడమే తెలియదని ఎవరైనా అంటే వాళ్లతోనూ పోట్లాడతాం. సాము గరిడీలు, తాలింఖానాలు మనకి కొత్త కాదు. బక్ రాకముందే సైదాపేటలో వ్యాయామ శిక్షణ ఇచ్చేవారు. ఆ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన వారెవరనుకున్నారు? మన కోడి రామ్మూర్తిగారే! ఏనుగు గుర్తుంది, సర్కసు గుర్తుంది. ఆయనా ఒకప్పుడు డ్రిల్లు మాస్టారేనన్నది మాత్రం మన నోట రాదు. కాబట్టి బక్‌ని మర్చిపోవడానికి ఆయన పరాయివాడు కావడం కారణం కాదు. మనవాడిలో ఉన్న మాస్టార్నే మనం మర్చిపోయాం.

ఇంకో మాట కూడా వింటూంటాం. అన్ని ఆటలూ నేర్పేవాడికి ఏ ఆటా సరిగ్గా రాదట. అందుకే ఎనిమిదేళ్ల పిల్లాణ్ని క్రికెట్టు అకాడమీలో వేసి, వేలకి వేలు కట్టి, ఆ ఒక్క ఆటే ఆడిస్తున్నాం. కోటా రామస్వామిగారు రెండాటల్లో దేశానికి ఆడారని చెప్పేదీ మనమే! బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ సంగతే చూడండి. కాన్సస్ విశ్వవిద్యాలయం జట్టుని 1898 నుంచి 1907 దాకా నడిపాడు. 55 ఆటలు నెగ్గారు, 60 ఓడారు. అక్కడ గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆ ఆటకి పుట్టుక ఇచ్చినాయన ఒక్కడే. మన లెక్కన ఆయన ఎందుకూ పనికిరాడు. ఆయన కింద ఆడిన ఫాగ్ అలెన్ మాత్రం తర్వాత అదే కాన్సస్‌లో పేరుమోసిన కోచ్ అయ్యాడు. పంతుల్ని స్కోరుబోర్డు చూసి కొలిస్తే ఇంతే అవుతుంది.

మా పిల్లలు చదివే బడిలో, పేరెందుకు గానీ, వారానికి రెండు పీటీ పీరియడ్లు. అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక రెండూ లెక్కల మాస్టారు తీసేసుకుంటాడు. పీటీ మాస్టారు యూనిఫారం తనిఖీ చేస్తాడు, ప్రార్థన దగ్గర వరసలు సరిచేస్తాడు, గేటు దగ్గర ఆటోలని తోలతాడు. ఈ మాట పేరెంట్స్ మీటింగులో మేం అడిగితే బడివాళ్లు నొచ్చుకోలేదు, పక్క కుర్చీల్లోవాళ్లు నొచ్చుకున్నారు. “పదో క్లాసండీ, ఇప్పుడు ఆటలేంటి?” అన్నారు. అన్నవాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు. అందులో ఒకరింటి హాల్లో సి.కె. నాయుడు ఫోటో ఉందని మాకు తెలుసు, ఆ ఇంట్లో భోంచేశాం.

ఆ కొత్త కళాశాలకి 1920లో పిల్లల్ని పంపినవాళ్లకి మనకన్నా ధైర్యం ఎక్కువ. ఆటలు నేర్పడం ఒక ఉద్యోగమేనని ఊళ్లో ఎవరూ నమ్మని రోజులవి. మనం దాన్ని వందేళ్ల తర్వాత మళ్లీ గేటు కాపలా చేసి పెట్టాం.

మా ఫోటోలో ఆ మనిషి బక్ దగ్గర చదివాడో లేదో వెతుకుదామనుకున్నాం. పేరే లేకపోతే ఎక్కడని వెతుకుతాం? మీ ఇళ్లలోనూ ఇలాంటి ఫోటోలుంటాయి. ఓసారి వెనక్కి తిప్పి చూడండి. చివర నిలబడ్డాయన పేరు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ వారమే వాళ్లనడిగి రాసి పెట్టండి. మా ఇంట్లో అడగడానికి ఎవరూ మిగల్లేదు.