నోటిమాటతో పోయే కొలువులు

హెచ్.ఐ.వి. ఉన్న కార్మికుణ్ణి పనిలోనుండి తీసివేసేటప్పుడు యజమాని ఆ వ్యాధి పేరెత్తడు. ప్రొద్దుటూరు బట్టల అంగడిలోనైనా, జమ్మలమడుగు నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలోనైనా, పులివెందుల మెకానిక్ షెడ్డులోనైనా చెప్పే మాట ఒకటే: "బేరాలు లేవు, రేపటినుండి రావద్దు."

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన మేము కాగితం విలువ ఎరుగుదుము. కాగితం లేని చోట అన్యాయానికి సాక్ష్యం ఉండదు. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఆ కాగితాన్నే అడుగుతున్నది. ఇతరులకు వ్యాధి సోకే గణనీయమైన ప్రమాదమున్నదనో, ఆ పనికి తగడనో స్వతంత్ర వైద్యుడు వ్రాసిన పత్రం. తగిన వెసులుబాటు కల్పించడంలో తన ఇబ్బందిని వివరిస్తూ యజమాని వ్రాసిన పత్రం. ఈ రెండూ చేతికివ్వనిదే తొలగింపు చెల్లదు. ప్రక్కన కూర్చుని పనిచేసినందువల్ల, ఒకే గ్లాసుతో నీళ్ళు త్రాగినందువల్ల హెచ్.ఐ.వి. సోకదు. పనిలో చేర్చుకునేముందు ఈ పరీక్ష కోరడమూ నిషిద్ధమే. ఈ చట్టానికి ఎన్నో ఏళ్ళ ముందే, హెచ్.ఐ.వి. ఉన్నవారికి పోలీసు కొలువు నిరాకరించే నిబంధనను మన హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది.

అయితే చట్టంలో ఒక లోటు కలదు. ఫిర్యాదుల అధికారిని నియమించవలసినది నూరుమందికి, వైద్యసంస్థలైతే ఇరవైమందికి, తక్కువకాని సంస్థలే. మన బిడ్డలలో ఎక్కువమంది పనిచేసేది నలుగురైదుగురుండే చోట. నిషేధం అక్కడా వర్తిస్తుంది, కాని మొర వినేవాడు అక్కడ ఉండడు. రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకోవాలి. ఆయన 30 రోజులలో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ అర్జీ వ్రాసిపెట్టేది ఎవరు?

మన జిల్లాలో ఈ బాధకు మరొక ద్వారం కువైట్ ప్రయాణం. వీసా వైద్యపరీక్షలో హెచ్.ఐ.వి. తేలితే ప్రయాణం ఆగిపోతుంది. అక్కడి నియమాన్ని మన చట్టం మార్చలేదు. కాని ఆ సంగతి మొహల్లా అంతా ప్రాకి, ఊళ్ళోని పనికూడా పోకుండా చూడడం మన చేతిలోనిదే. గీబత్ పాపమని జుమా బయానులలో వింటూనే ఉన్నాం.

మసీదు కమిటీలకు మా విన్నపం ఇది. గుట్టు కాపాడగల చదువరి నొకరిని ప్రతి కమిటీ నియమించాలి. తొలగింపబడినవాని పక్షాన, వ్యాధి పేరెత్తకుండానే, కారణం వ్రాసి ఇమ్మని యజమానిని ఆయన అడగాలి. అవసరమైతే అర్జీ వ్రాసిపెట్టాలి. యజమానులలో మనవారూ ఉన్నారు. ఎ.ఆర్.టి. కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మందులు క్రమం తప్పక వాడేవాడు అందరివలెనే పనిచేయగలడు. మందులకు వెళ్ళిన రోజున అతనికి సెలవివ్వండి, ఎందుకని అడగవద్దు. పనిచేయగలవానికి కావలసినది జకాత్ కాదు, జీతం.